వివాహసంస్కారాలలో వీణాగాథులు

ఆపస్తంబ గృహ్యసూత్రం సీమంతోన్నయన సంస్కారాన్ని విధిస్తూ ఒకచోట ఇద్దరు వీణాగాథులకు "గాయతమ్" అని ఆజ్ఞ ఇమ్మంటుంది. "మీరిద్దరూ గానం చేయండి" అని దాని అర్థం. అది ద్వివచనం, మధ్యమపురుష, ఆజ్ఞార్థకం. ఎదుట ఇద్దరు మనుష్యులు, వారి చేతులలో వీణ ఉన్నప్పుడే ఆ పదానికి సార్థకత. ఆంధ్రదేశంలోని వైదిక కుటుంబాలలో అధికభాగం ఆపస్తంబసూత్రులే. ఆ ప్రయోగం నేటికీ వారి ఇండ్లలో జరుగుతున్నది. అయితే పెక్కుచోట్ల పురోహితుడు ఆ గాథలను తానే పఠించి తరువాతి మంత్రానికి సాగిపోతాడు. వీణాగాథుల ఆసనం శూన్యంగానే ఉంటుంది. సూత్రం ఎవరిని ఉద్దేశించింది, వారి చేతిలోని వీణ ఎటువంటిది, ఆ స్థానం ఎందుకు శూన్యమైనది అనే విచారణ దంపతుల సంస్కారాలలో సంగీతానికి గల స్థానాన్ని గూర్చిన విచారణయే అవుతుంది.

మొదట వీణ సంగతి. ఆ పదం వినగానే తెలుగువారికి స్ఫురించేది శారదాదేవి ఒడిలోని వాద్యం. పనసకర్రతో తొలిచిన కుండ, పొడవైన దండి, మైనంలో నిలిపిన ఇరువదినాలుగు మెట్లు, నాలుగు వాదనతంత్రులు, మూడు తాళతంత్రులు గల వాద్యమది. బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లి శిల్పులు నేటికీ దానిని నిర్మిస్తున్నారు. ఈ రూపం స్థిరపడడాన్ని సంప్రదాయం 17వ శతాబ్దిలో తంజావూరును ఏలిన ఆంధ్రకవి రఘునాథ నాయకుని ఆస్థానంతో ముడిపెడుతున్నది. సూత్రకారులు ఎరిగిన వీణ ఇది కాదు. ఆ వీణ ఎలా ఉండేదో చూడాలంటే అమరావతీ శిల్పాలను పరికించాలి. నేడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోను, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోను ఉన్న ఆ సున్నపురాతి ఫలకాలలో స్త్రీలు బృందాలుగా కూర్చుండి వాయిస్తున్న వాద్యం విల్లువలె వంగినది. క్రింద నావ ఆకారపు తొట్టి, దానిపై బిగించిన చర్మం, తొట్టి కొననుండి పైకి వంపు తిరిగిన దండం, దండానికీ చర్మానికీ నడుమ వరుసగా సాగిన తంత్రులు ఉంటాయి. మెట్లు లేవు. ఒక్కొక్క తంత్రి ఒక్కొక్క స్వరానికి. నాగార్జునకొండలోను, ఉత్తరాన భర్హుత్, సాంచీలలోను కనిపించేది ఇదే. పాశ్చాత్యులు దీనిని హార్ప్ అంటారు, తమిళుల ప్రాచీనవాఙ్మయం యాళ్ అన్నది, వేదం వీణ అన్నది.

ప్రాచీన వీణ ఈ చాపాకారవాద్యమేనని ఆనంద కుమారస్వామి 1930లో వాద్యభాగాల సంజ్ఞలను శిల్పాలతో సరిపోల్చి నిరూపించాడు. భరతముని నాట్యశాస్త్రంలో చెప్పిన సప్తతంత్రి చిత్రావీణ, నవతంత్రి విపంచి ఈ జాతివే. చిత్రను వ్రేళ్ళతోను, విపంచిని కోణంతోను వాయించాలని ముని నియమం. ధ్రువవీణ, చలవీణ అనే రెండు వీణలను ప్రక్కప్రక్కన నిలిపి, ఒకదాని తంత్రులను క్రమంగా తగ్గిస్తూ ఇరువదిరెండు శ్రుతులను నిరూపించే ప్రసిద్ధమైన ప్రక్రియ కూడ స్వరానికొక తంత్రి ఉన్న వాద్యంపై తేలికగా బోధపడుతుంది, మెట్ల వీణపై ఊహించబోతే చిక్కుపడుతుంది. భారతదేశంనుండి వెళ్ళి బర్మాదేశంలో నిలిచిన సౌంగ్ అనే వాద్యం నేటికీ సజీవంగా ఉన్నది. జింకచర్మం కప్పిన తొట్టి, వంపు దండం, మేకులకు బదులు దండానికి చుట్టిన ఎర్రని నూలుత్రాళ్ళు గల ఆ వాద్యం అమరావతీ ఫలకానికి సజీవవ్యాఖ్యానం. నేడు హైదరాబాదులోని ఒక కల్యాణమండపంలో హార్ప్ వినిపిస్తే అతిథులు దానిని విదేశీయమైన వేడుకగా భావించడం సహజం. ఆ వాద్యపు కుటుంబానికి మన గృహ్యసూత్రాలలో విధివాక్యం ఉన్నదని మాత్రం ఎవరికీ తోచదు.

వైదికదృష్టిలో గానానికీ వివాహానికీ ఉన్న సంబంధం అలంకారప్రాయమైనది కాదు. ఋగ్వేదం దశమమండలంలోని సూర్యావివాహసూక్తం సమస్తవధువులకు ఆదర్శమైన సూర్యాదేవి పెండ్లిని వర్ణిస్తూ రైభి, నారాశంసి అనే గానభేదాలను ఆమె వెంట నడిచే చెలులుగా నిలుపుతుంది, ఆమె వస్త్రాన్ని గాథ అలంకరించినదని చెబుతుంది. వధువు ధరించినది పాట! ఇంతకంటె గాఢంగా ఆ సంబంధాన్ని చెప్పడం కష్టం.

తైత్తిరీయసంహిత ఆరవకాండలోని ఆఖ్యాయిక మరొక మెట్టు ముందుకు పోతుంది. గంధర్వుడైన విశ్వావసువు సోమాన్ని అపహరించాడు. గంధర్వులు స్త్రీకాములు కనుక దేవతలు వాగ్దేవిని స్త్రీరూపంలో వారికిచ్చి సోమాన్ని క్రయించారు. తరువాత ఆమెను తిరిగి పొందగోరి ఇరుపక్షాలూ పోటీగా ఆహ్వానించాయి. గంధర్వులు వేదాన్ని వచించారు, దేవతలు గానం చేశారు. వాక్కు గానం చేసినవారివైపు వచ్చింది. ఇదే కథను చెప్పే శతపథబ్రాహ్మణం దేవతలు ఆ సందర్భంలో వీణను సృష్టించి వాయిస్తూ పాడారని స్పష్టం చేస్తుంది. తైత్తిరీయశ్రుతి మాత్రం కథాఫలాన్ని నేరుగా పెండ్లిచూపుల దగ్గరకు తెస్తుంది: ఈ రహస్యం తెలిసినవాడు వరపక్షంలో ఒక్కడున్నా, ఎందరు పోటీకి వచ్చినా కన్యను ఆ పక్షానికే ఇస్తారట. వేదాధ్యయనం చేసిన గంధర్వులు ఓడి, పాడిన దేవతలు గెలిచారని వేదమే చెప్పడంలో గంభీరమైన చమత్కారం ఉన్నది. శతపథం ఆ చమత్కారాన్ని సహించలేక కొంత విసుగుతో, స్త్రీలు వ్యర్థమైనవాటికి ఆకర్షితులౌతారని వ్యాఖ్యానించుకొన్నది. తైత్తిరీయంలో ఆ విసుగు లేదు.

ఓడిన విశ్వావసువు కథ అక్కడితో ముగియలేదు. ఆపస్తంబుని విధిప్రకారం వివాహానంతరం మూడురాత్రులు దంపతుల శయ్య నడుమ గంధం పూసి వస్త్రంతోనో సూత్రంతోనో చుట్టిన ఒక దండం ఉంటుంది. నాలుగవరాత్రి చివరిజామున దానిని మంత్రపూర్వకంగా లేపి తొలగిస్తారు. ఆ మంత్రం సంబోధించేది విశ్వావసువునే: ఇక్కడినుండి లే, మరొక కన్యను వెదకుకో అని. పాట చేతిలో వాక్కును కోల్పోయిన గంధర్వుడు ప్రతి వధువుకూ రెండవ అధిపతియై, ప్రతి పెండ్లిలోనూ మరల వీడ్కోలు పుచ్చుకొంటాడు.

ఇంత ఉన్నా, వివాహహోమంలో వీణ వాయించాలని ఆపస్తంబుడు ఎక్కడా విధించలేదు. ఇది గమనింపదగిన విషయం. ఆశ్వలాయనుడు వివాహప్రకరణాన్ని ఆరంభిస్తూనే దేశధర్మాలు, గ్రామధర్మాలు నానావిధాలని, వాటిని వివాహంలో అనుసరించాలని చెప్పి ఊరుకొన్నాడు. ఆపస్తంబుడు మరింత ముక్తసరిగా, ఆచారాలను స్త్రీలవద్దనుండి తెలుసుకోవాలన్నాడు. శాంఖాయనుడు వివాహానికి పూర్వం నలుగురో ఎనమండుగురో సువాసినులు నాలుగు పర్యాయాలు నర్తించాలన్నాడు. పారస్కరుడు అశ్మారోహణం తరువాత వరుడే సరస్వతిని ఉద్దేశించి ఒక గాథను గానం చేయాలన్నాడు. అంటే పెండ్లిపాట, పెండ్లివాద్యం ప్రధానంగా స్త్రీల అధికారంలో, ప్రాంతాచారం అధీనంలో విడువబడినాయి. నేటి సన్నాయి, డోలు, మంగళసూత్రధారణ సమయపు గట్టిమేళం, అప్పగింతల పాటలు అన్నీ ఆ విశాలమైన అనుమతిలోనివే. వాటికి సూత్రబలం లేదనేవారు ఆపస్తంబుని ఆ ఒక్క వాక్యాన్ని మరచినవారు.

దాంపత్యం ఫలించే వేళ మాత్రం సూత్రకారుడు వాద్యాన్ని దేశాచారానికి విడువలేదు. ప్రథమగర్భంలో నాల్గవమాసంలో జరిగే సీమంతోన్నయనంలో భర్త మూడు తెల్లని మచ్చలు గల ఏదుపందిముల్లుతో, మూడు దర్భలతో, లేత మేడికాయల గుత్తితో భార్య పాపటను పైకి తీరుస్తాడు. ఆపైన వీణాగాథులకు ఆజ్ఞ. ఏమి పాడాలో కూడ సూత్రం చెప్పింది. రెండు గాథలు. మొదటిది సాల్వదేశీయులకు: యమునాతీరంలో కూర్చున్న సాల్వస్త్రీలు యౌగంధరియే మాకు రాజు అన్నారని దాని భావం. రెండవది బ్రాహ్మణులకు: వారికి సోముడు రాజు. ఆశ్వలాయనుడు కూడ సోమరాజునే గానం చేయమన్నాడు. పారస్కరుడు రాజునుగాని, అంతకు మించిన వీరుడుంటే అతనినిగాని పాడవచ్చునన్నాడు.

ఈ ముగ్గురు సూత్రకారులూ ఏకకంఠంతో చెప్పిన నియమం మరొకటి ఉన్నది. ఆ దంపతులు ఏ నదీతీరంలో నివసిస్తున్నారో ఆ నది పేరును గాథలో చేర్చాలి. సాల్వులకు యమున. రాజమహేంద్రవరంలోని ఇంటిలో గోదావరి, విజయవాడలో కృష్ణ, నెల్లూరులో పెన్న. మంత్రాక్షరం మారరాదనే కఠిననియమం గల వాఙ్మయంలో, పాడే చోటునుబట్టి మారవలసిన పదానికి ఇలా ఖాళీ విడిచి ఉంచడం సామాన్యమైన విషయం కాదు. గర్భస్థశిశువుకు వినిపించే పాటలో రాజు ఎవరో, నది ఏదో చెప్పబడుతున్నది. పుట్టబోయేవాడు ఏ నీటికి, ఏ నేలకు చెందినవాడో ముందుగా తెలుపుతున్నట్లుంది. గాయకుడు ఆ ఇంటికి వచ్చి, ఆ గ్రామపు నీటిని ఎరిగి, ఆ పేరును శ్రుతిలో ఇమడ్చాలి. అతడు ఎదుట ఉండవలసిన ప్రయోజనం ఇదే.

అప్పటికప్పుడు పాటను కూర్చడం వీణాగాథుల వృత్తిధర్మం. అశ్వమేధప్రకరణంలో ఈ సంగతి ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఆ యజ్ఞంలో ఇద్దరు వీణాగాథులు, ఒకడు బ్రాహ్మణుడు, ఒకడు రాజన్యుడు. పగలు బ్రాహ్మణుడు, రాత్రి రాజన్యుడు పాడతారు. వారు తాము స్వయంగా కూర్చిన గాథలనే పాడాలని శతపథం నియమించింది. బ్రాహ్మణుడు యజమాని చేసిన యాగాలను, ఇచ్చిన దానాలను గానం చేస్తాడు. రాజన్యుడు అతడు చేసిన యుద్ధాలను, గెలిచిన సంగ్రామాలను గానం చేస్తాడు. మనుష్యునికి శ్రీ లభించినప్పుడే అతనికొరకు వీణ వాయింపబడుతుందని తైత్తిరీయబ్రాహ్మణం దీనికి కారణం చెప్పింది. వీణ శ్రీకి రూపం. మహావ్రతంలో వాయించే శతతంతువీణకు నూరు తంత్రులు ఎందుకంటే పురుషుడు శతాయువు కనుక అని మరొక శ్రుతి. సిరి, నూరేండ్ల ఆయుస్సు, సంతానం: నేడు వధూవరులపై అక్షతలు చల్లుతూ పెద్దలు కోరేది ఈ మూడే.

ఇంత గౌరవం పొందిన గాయకుని స్థానం ఎందుకు ఖాళీ అయినది? దానికి ఒక కారణం శ్రుతిలోనే ఉన్నది, అది కొంత చేదైనది. అదే తైత్తిరీయబ్రాహ్మణం వాజపేయప్రకరణంలో, వేదంనుండి తొలగింపబడిన మాలిన్యమే గాథ, నారాశంసి అయినదని, అన్నంనుండి తొలగింపబడినది సుర అయినదని చెప్పి, కనుక పాడేవానివద్ద, మత్తునివద్ద ప్రతిగ్రహం చేయరాదన్నది. మనుస్మృతి నాల్గవ అధ్యాయం గాయకుని అన్నాన్ని దొంగ అన్నంతో ఒకే వరుసలో నిషేధించింది. సూర్యాదేవికి వస్త్రాలంకారమైన గాథ, దేవతలకు వాక్కును గెలిచిపెట్టిన గానం మరొకచోట మాలిన్యమైనది. ఈ రెండు వాక్యాలనూ సమన్వయించడానికి పండితులు గానమాత్రానికి దోషం లేదని, జీవికకై నరస్తుతి చేయడమే నింద్యమని చెప్పవచ్చు. సమన్వయం శాస్త్రదృష్ట్యా చక్కనిదే. వాస్తవంలో మాత్రం, ఇల్లిల్లూ తిరిగి శుభకార్యాలలో పాడి జీవించేవానికి నరస్తుతి, జీవిక తప్పవు. కర్మకు అతడు కావాలి, పంక్తికి అక్కరలేదు. అటువంటి వృత్తిలోకి బ్రాహ్మణయువకుడు ఎంతకాలం ప్రవేశిస్తాడు? ఒక సంస్కారాంగం తన కర్తను తానే దూరం చేసుకొన్న సందర్భమిది. ఆ బాధ్యతనుండి స్మృతికారులను పూర్తిగా విముక్తులను చేయడం న్యాయం కాదు.

కావ్యలోకంలో ఆ సంకోచం లేదు. అక్కడ వీణయే పెండ్లిపెద్ద. శాతవాహనాస్థానంలో గుణాఢ్యుడు రచించినట్లు సంప్రదాయం చెప్పే బృహత్కథనుండి వెలువడిన కథలలో వత్సరాజు ఉదయనుడు ఘోషవతి అనే వీణతో మదగజాలను లోబరచుకొనేవాడు. కథాసరిత్సాగరం ప్రకారం ఆ వీణ అతనికి వసునేమి అనే నాగునివలన లభించినది. ఉజ్జయినీరాజు అతనిని బంధించి తన పుత్రిక వాసవదత్తకు వీణ నేర్పమన్నాడు. శిక్షణ ప్రణయమైనది, గురుశిష్యులు ఏనుగునెక్కి కౌశాంబికి పారిపోయారు. భాసుని స్వప్నవాసవదత్తంలో భార్య మరణించినదని నమ్మిన ఉదయనునికి నర్మదాతీరపు పొదలలో దొరికిన ఆ వీణ మరల చేరుతుంది. పక్షులు మలినం చేసిన ఆ వాద్యాన్ని చూచి అతడు విలపించే ఘట్టాన్ని చదివినవారికి వీణ దాంపత్యానికి ఎంత సన్నిహితమైన చిహ్నమో వేరుగా చెప్పనక్కరలేదు. బృహత్కథాశాఖలలోని మరొక నాయిక గంధర్వదత్త, తనను వీణావాదనంలో మెప్పించినవానినే వరించింది. తమిళ జైనకావ్యం జీవకచింతామణిలోనూ ఆమె స్వయంవరం వీణతోనే. తైత్తిరీయశ్రుతిలోని వాగ్దేవి కథయే ఇన్ని రూపాలు ధరించినదని తోస్తుంది.

క్రీ.శ. 4వ శతాబ్దిలో సముద్రగుప్తుడు తన బంగారునాణెంపై తానే ఆసీనుడై విల్లువీణను వాయిస్తున్నట్లు ముద్రింపజేశాడు. గాంధర్వంలో అతడు తుంబురునారదులను సిగ్గుపడజేశాడని ప్రయాగప్రశస్తి. కుమారగుప్తుడు ఆ ముద్రను అనుకరించాడు. ఆ తరువాత కొన్ని శతాబ్దాలలో శిల్పాలనుండి విల్లువీణ క్రమంగా అంతరించి, సొరకాయబుర్ర కట్టిన దండవీణ, ఆపైన మెట్ల వీణ దాని స్థానాన్ని ఆక్రమించాయి. కారణం సంగీతంలోనే వెదకాలి. స్వరానికొక తంత్రి ఉన్న వాద్యంపై స్వరం నిలకడగా మ్రోగుతుంది గాని, ఒక స్వరంనుండి మరొకదానికి జారడం, ఊగడం దుష్కరం. గమకం ప్రాణమైన రాగపద్ధతి వృద్ధిపొందేకొద్దీ, వ్రేలితో ఒకే తంత్రిని నొక్కి లాగగల వాద్యం అవసరమైనది. పేరు మాత్రం మారలేదు. అందువలన వస్తువు పోయిన సంగతి కూడ ఎవరికీ స్ఫురించలేదు.

భారతదేశంలో విల్లువీణ పూర్తిగా నశించలేదు. మధ్యప్రదేశ్‌లోని మండలా ప్రాంతంలో గోండుల వంశగాయకులైన పరధానులు ఐదు తంత్రుల బిన్‌బాజా అనే విల్లువాద్యాన్ని కాపాడినట్లు సంగీతపరిశోధకుడు రోడరిక్ నైట్ 1980ల దశకంలో లోకానికి తెలిపాడు. ఆదిలాబాదు పరధానులది కమానుతో వాయించే కిక్రి, విల్లువీణ కాదు. వృత్తి మాత్రం ఒకటే: పోషకుల వంశగాథలను కంఠస్థం చేసి, వారి శుభాశుభకార్యాలలో వాయించి పాడి, కానుకలు స్వీకరించడం. హైమెన్‌డార్ఫ్ 1940లలో ఆదిలాబాదు రాజగోండుల మధ్య నివసించి ఈ సంబంధాన్ని విస్తరంగా వర్ణించాడు. వైదికగృహాలు విడిచిన నారాశంసీగానపు వృత్తిరూపం అరణ్యగ్రామాలలో మిగిలినదని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఈ వాద్యం మన దర్శనాలకు కూడ ఒక పెద్ద దృష్టాంతాన్ని ఇచ్చింది. మిలిందప్రశ్నలో నాగసేనుడు తొట్టి, చర్మం, దండం, తంత్రులు, కోణం, మనుష్యప్రయత్నం అని ఒక్కొక్కటిగా లెక్కించి, ఇవన్నీ కూడినప్పుడే ధ్వని పుడుతుందని, అంతకుముందు అది లేదని చూపాడు. విడదీసి చూస్తే లోపల ఆత్మ వంటిది దొరకదని బౌద్ధుల ఆశయం. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు అదే వీణను ఎత్తుకొని విపరీతదిశలో నడిచాడు. వాయింపబడుతున్న వీణనుండి వెలువడే ధ్వనులను వేర్వేరుగా పట్టుకోలేము, వీణనో వాదకునో గ్రహిస్తే ధ్వని గ్రహింపబడుతుంది. శంకరభగవత్పాదులు దీనిని వ్యాఖ్యానిస్తూ, విశేషధ్వనులు సామాన్యధ్వనికి వేరుగా లేవని, దుందుభి, శంఖం, వీణ అని పెక్కు దృష్టాంతాలు చెప్పడం పెక్కు సామాన్యాలు ఉన్నాయని తెలుపుటకని, అవన్నీ ఒకే ప్రజ్ఞానఘనంలో అంతర్భవిస్తాయని చెప్పారు. యాజ్ఞవల్క్యుడు ఈ మాట శిష్యసభలో చెప్పలేదు. గృహస్థాశ్రమాన్ని విడిచిపోతూ తన భార్య మైత్రేయికి చెప్పాడు.

ఐతరేయారణ్యకం మరొక అడుగు వేసి, శరీరమే దైవీవీణ అన్నది. మనుష్యులు చేసిన వీణ దానికి అనుకృతి మాత్రమే. దానికి శిరస్సు ఉన్నట్లే దీనికి శిరస్సు, దానికి ఉదరం ఉన్నట్లే దీనికి తొట్టి, దానికి జిహ్వ ఉన్నట్లే దీనికి వాదనం. పూర్వం రోమాలు గల చర్మంతోనే వీణను కప్పేవారని కూడ అది జ్ఞాపకం చేసుకొన్నది. చర్మం కప్పని నేటి వీణను చూచి ఈ సామ్యాన్ని ఎవరూ కనుగొనలేరు. గర్భిణి ఎదుట, ఉదరం గల ఆ వాద్యాన్ని మ్రోగించడంలోని ఔచిత్యం ఆరణ్యకం చదివినవారికి తెలుస్తుంది.

ఇక నేటి ప్రయోగం సంగతి. చాపవీణ దొరకదు, కనుక విధి లోపించినట్లేనా? మీమాంసాశాస్త్రం ఆరవ అధ్యాయంలోని ప్రతినిధిన్యాయం దీనికి మార్గం చూపుతున్నది. విహితద్రవ్యం లభించనప్పుడు దానిని పోలినదానిని గ్రహించవచ్చు. వ్రీహులు లేనప్పుడు నీవారధాన్యం అటువంటిది. తంత్రీవాద్యాలలో సన్నిహితమైనది నేటి వీణయే కనుక దానిని స్వీకరించడంలో దోషం ఉండనక్కరలేదు. దేవతకు, అగ్నికి, మంత్రానికి, క్రియకు ప్రతినిధి లేదని కూడ అదే అధ్యాయం చెప్పింది. ఇక్కడ క్రియ గానం. కొన్ని ఇండ్లలో ఈ సమయానికి ముందుగా ముద్రించిన వీణానాదాన్ని యంత్రంద్వారా వినిపించడం జరుగుతున్నది. శ్రవణానికి అది మధురమే. కాని "గాయతమ్" అనేది ప్రైష, అనగా వినగలిగినవానికి ఇచ్చే ఆజ్ఞ. యంత్రం ఆ ఆజ్ఞను వినదు. ఎక్కడో ఎప్పుడో పాడిన పాటలో ఈ ఇంటి నది పేరు ఉండదు. కొన్ని కుటుంబాలు వీణ నేర్చిన బంధువర్గపు స్త్రీలనే కూర్చుండబెట్టి వాయింపజేస్తున్నాయి. ఆచారాలను స్త్రీలవద్ద తెలుసుకోమన్న సూత్రకారునికి అది అసమ్మతం కాబోదు. పాడేవారు ఒక్కరే ఉంటే ద్వివచనానికి లోపం రావచ్చు, నిశ్శబ్దంకంటె అది చిన్న లోపం.

గాథలు ముగిసిన తరువాత ఆపస్తంబుడు గర్భిణి శిరస్సున మొలకెత్తిన యవలను కట్టమన్నాడు. అప్పటినుండి నక్షత్రాలు పొడిచేవరకు వాఙ్నియమం. చుక్కలు కనిపించిన పిమ్మట తూర్పుకో ఉత్తరానికో వెడలి, ఒక దూడను స్పృశించి, వ్యాహృతులను జపించి, అప్పుడు మౌనాన్ని విడువాలి.